ఒకే రోజు తెచ్చిన రెండు బంగినపల్లి అంట్లు, రెండు రకాల కాయలు. తేడా ఎక్కడ వచ్చింది?

కొండపల్లి పెరడు · మే 19, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మా పెరట్లో మూడు మామిడి చెట్లున్నాయి. వారం రోజులుగా ఇంట్లో వాటి గురించే మాట.

2016 వానాకాలంలో ఒకే నర్సరీలో, ఒకే వరుసలోంచి రెండు బంగినపల్లి అంట్లు తెచ్చి పెట్టాం. మధ్య దూరం పదిహేను అడుగులు. మొదటిది నాలుగో ఏడే కాపుకొచ్చింది. నున్నటి కాయ, పండితే పసుపు, పీచు లేదు, అచ్చం బంగినపల్లే. రెండో చెట్టు ఏపుగా పెరిగింది కానీ ఏడేళ్లు పూత ఊసే లేదు. ఈ ఏడు తొలిసారి కాసింది. చిన్న కాయలు, ముక్కు తేలి ఉన్నాయి, తొక్క మందం. పండు కోస్తే కత్తికి పీచు చుట్టుకుంటోంది. పులుపు కూడా.

మూడోది మా అమ్మ పెట్టింది. 2013లో ఎవరో ఇచ్చిన బంగినపల్లి పండు తిని, బాగుందని టెంకని గోడ పక్కన పాతింది. అమ్మ 2019లో పోయింది. ఆ చెట్టు పోయినేడు తొలికాపు కాసింది. గుండ్రటి కాయలు, కోసుకుని తినేవి కావు, రసంలా పిండుకుని తాగాలి. రుచి బాగుంది, కానీ బంగినపల్లి కాదు.

మా వారు మట్టి తేడా అంటారు. మరిదేమో నర్సరీలో మోసం చేశారంటాడు. రెండో చెట్టు కొట్టేద్దామంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, ఒకే జాతి మొక్కల్లో ఇంత తేడా ఎందుకొస్తుంది?

సిద్దిపేట మిద్దెతోట · మే 19, ఉదయం 9:05

పీచు, పులుపు అంటే పొటాష్ లోపమేమో చూడండి. మా దగ్గర బోరు నీళ్లు మారాక జామకాయల రుచి మారింది. ముందు మట్టి పరీక్ష చేయించండి, అప్పుడే కొట్టేయొద్దు.

అంటుకత్తి (కడియం) · మే 19, మధ్యాహ్నం 1:20

అమ్మా, ముప్పై ఏళ్లుగా అంట్లు కడుతున్నాను. మట్టి వల్ల కాయ సైజు మారుతుంది, తీపి ఎక్కువ తక్కువలవుతుంది, తొక్క రంగు మారుతుంది. కత్తికి చుట్టుకునేంత పీచు, తేలిన ముక్కు మాత్రం మట్టి తెచ్చేవి కావు.

మీరు రాసిన ఒక ముక్క దగ్గర నేను ఆగిపోయాను. ఒకటి నాలుగో ఏడు కాసింది, ఇంకోటి ఎనిమిదో ఏడు కాసింది. అంటు అంటే టెంక నుంచి మొలిచిన మొక్క మీద కట్టిన, కాపు పట్టిన చెట్టు పుల్ల. దానికి వయసు ముందే వచ్చేసి ఉంటుంది, మూడు నాలుగేళ్లకే కాస్తుంది. ఎనిమిదేళ్లు ఆగేది టెంక మొక్క.

రెండు పనులు చేయండి. రెండు చెట్ల లేత ఆకులు చెరొకటి తుంచి నలిపి వాసన చూడండి. తర్వాత రెండో చెట్టు మొదట్లో, నేల నుంచి జానెడు ఎత్తులోపు, మాను చుట్టూ చేత్తో తడిమి చూడండి. మడత, బుడిపె, ఎండిపోయిన మొడ్డు, ఏముందో చెప్పండి. ఫోటో పెడితే ఇంకా మంచిది.

సైన్సు మాస్టారు · మే 19, రాత్రి 8:15

రెండో చెట్టు సంగతి కడియం గారు చూస్తారు. నేను మీ అమ్మగారి చెట్టు గురించి చెబుతాను.

బంగినపల్లి టెంకలో ఒకే పిండం ఉంటుంది. అది పూతలో రెండు చెట్లు కలిసి పుట్టిన బిడ్డ. తల్లి బంగినపల్లి, సరే. పుప్పొడి ఈగలు ఏ చెట్టు మీంచి తెచ్చాయో చెప్పలేం, పక్కన చిన్న రసాల తోట ఉండి ఉండొచ్చు. ఒకవేళ బంగినపల్లి పుప్పొడే పడిందనుకున్నా, టెంకలోంచి బంగినపల్లి రాదు. మామిడిలో చాలా జన్యువులకు రెండు ప్రతులూ ఒకటిగా ఉండవు. బిడ్డకు ఏ ప్రతి వెళ్తుందో ప్రతి టెంకకూ మారుతుంది. అమ్మానాన్నలు ఇద్దరే అయినా అన్నదమ్ములు ఒకేలా ఉండరు కదా, అదే లెక్క.

అందుకే ఇవాళ రాష్ట్రంలో ఉన్న బంగినపల్లి చెట్లన్నీ టెంకల ద్వారా వచ్చినవి కావు. ఎప్పుడో ఒక చెట్టు, దాని కొమ్మ, ఆ కొమ్మకు కొమ్మ, ఇలా అంట్ల మీద అంట్లుగా వచ్చినవే. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ పేరు వెనక ఉన్నది, ఒక విధంగా, లక్షల చోట్ల పెరుగుతున్న ఒకే చెట్టు.

మీ అమ్మగారి చెట్టు అలా కాదు. దానిలాంటిది ప్రపంచంలో ఇంకోటి లేదు.

మంగళూరు కోడలు · మే 19, రాత్రి 9:02

మాస్టారూ, ఒక సందేహం. మా అత్తగారి ఊళ్లో టెంక పాతితే ఒకదాన్నుంచే మూడు నాలుగు మొలకలొస్తాయి. ఆ చెట్లు తల్లి చెట్టులాగే కాస్తాయి. అక్కడ అంటు కట్టకుండానే రకం నిలబడుతోందే?

సైన్సు మాస్టారు · మే 19, రాత్రి 9:40

మంచి పాయింట్ అమ్మా. పడమటి తీరంలో ఓలూర్, వెల్లైకొలంబన్ లాంటి రకాలు వేరు. వాటి టెంకలో చాలా పిండాలుంటాయి. అందులో ఎక్కువ భాగం పుప్పొడితో సంబంధం లేకుండా తల్లి కణజాలం నుంచే పుడతాయి, అంటే తల్లికి నకళ్లు. ఆగ్నేయాసియా మామిళ్లలోనూ ఇదే ఎక్కువ. చూడండి, ఒకే జాతి. ఒక తీరంలో టెంక తల్లిని తెస్తుంది, మన దగ్గర కొత్త మనిషిని తెస్తుంది. ఈ గుణం కూడా జన్యువుల్లోనే ఉంది.

నల్లరేగడి (ఆళ్లగడ్డ) · మే 20, ఉదయం 6:30

అన్నీ విత్తనం మీదకే తోస్తే ఎట్లా సార్? రైతుకు కనిపించేది వేరే. జొన్న తీసుకోండి. ఒకే సంచిలో విత్తనం, ఒకే చేను. బాగా వానలు పడిన ఏడు పశువులు మేస్తే ఏమీ కాదు. బెట్ట వచ్చి పైరు వాడిపోయినప్పుడు, లేదంటే కోసిన మోళ్ల మీద మళ్లీ చిగురు వచ్చినప్పుడు, ఎవరూ గొడ్లను ఆ చేలోకి పోనివ్వరు. నాము తగులుతుంది, అంటే మేతే విషమవుతుంది. మా నాయన కాలంలో ఒక బర్రె అరగంటలో పడిపోయింది, నేను చిన్నప్పుడు కళ్లారా చూసినా. విత్తనం మారలేదు, మారింది నేల తడి.

మిరప కూడా అంతే. ఒకే ప్యాకెట్ సన్నం గింజలు నల్ల రేగడిలో వేశాను, ఎర్ర నేలలో వేశాను. నీళ్లు తక్కువ పడిన మడిలో కాయ చిన్నదైంది, ఘాటు ముక్కు పట్టేసింది.

సైన్సు మాస్టారు · మే 20, ఉదయం 7:55

మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నాము ఇక్కడ చక్కగా సరిపోయే ఉదాహరణ. జొన్నలో ధూరిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు నమిలినప్పుడు ఆకు నలిగి అది సయనైడ్‌ను వదులుతుంది. లేత పైరులో ఎక్కువ, ముదిరేకొద్దీ తగ్గుతుంది. బెట్టకు పెరుగుతుంది, నత్రజని ఎరువు మోతాదు మించినా పెరుగుతుంది. ఒకే విత్తనం, వయసును బట్టి, తడిని బట్టి మేత అవుతుంది లేదా విషం అవుతుంది.

అయితే దీనికి రెండో వైపు కూడా చూడాలి. అన్ని జొన్న రకాల్లోనూ ధూరిన్ ఒకే స్థాయిలో ఉండదు. ఒకే చేలో, ఒకే బెట్టలో పక్కపక్కన వేసినా రకానికీ రకానికీ తేడా వస్తుంది. ఆ తేడా నేలది కాదు.

ఈ చిక్కుముడిని మొదట విప్పినవాడు డెన్మార్క్‌కు చెందిన యోహాన్సెన్. 1903లో ఆయన చిక్కుడు జాతి గింజలు తూచి చూశాడు. ఆ మొక్కలు తమ పుప్పొడితో తామే కాస్తాయి, కాబట్టి ఒక గింజ సంతానమంతా ఒకటే వంశం. ఒక వంశంలోంచి పెద్ద గింజలు వేరుగా, చిన్న గింజలు వేరుగా ఏరి విత్తాడు. పంట వచ్చాక సగటు బరువు రెండింటికీ దాదాపు ఒకటే! పెద్ద గింజ పెద్ద గింజల్ని ఇవ్వలేదు. అంటే ఆ వంశం లోపలి తేడా అంతా నీడ, నీరు, కాయలో గింజ ఉన్న చోటు, ఇలాంటివి తెచ్చినది. అదే వేర్వేరు వంశాలను పోలిస్తే మాత్రం తేడా ఏటేటా నిలబడింది. 1909లో ఆయనే జీన్ అన్న మాట పుట్టించాడు. మొక్క లోపల ఉన్నదానికీ, పైకి కనిపించేదానికీ వేర్వేరు పేర్లు పెట్టాడు.

బే ఏరియా తోటమాలి · మే 20, మధ్యాహ్నం 12:10

మాస్టారు చెబుతున్నదానికి మా ఊళ్లోనే పెద్ద ఉదాహరణ ఉంది. నేనుండేది స్టాన్‌ఫర్డ్‌కి దగ్గరలో. ఇక్కడ క్లాసెన్, కెక్, హీసీ అనే ముగ్గురు కాలిఫోర్నియా మొక్కలతో చేసిన పని 1940, 1948లలో పుస్తకాలుగా వచ్చింది. యారో అని తెల్లపూల మొక్క ఉంటుంది, సముద్రం ఒడ్డు నుంచి సియెర్రా కొండల పై దాకా అంతటా కనిపిస్తుంది. కింద నడుము ఎత్తు ఉంటుంది, పైకి పోయేకొద్దీ జానెడైపోతుంది.

వాళ్లేం చేశారంటే, ఒక్కో మొక్కను పిలకలుగా చీల్చి మూడు చోట్ల నాటారు. స్టాన్‌ఫర్డ్ దాదాపు సముద్రమట్టంలోనే ఉంటుంది, 30 మీటర్లు. మాథర్ 1,400 మీటర్లు. టింబర్‌లైన్ 3,050 మీటర్లు. పిలకలన్నీ ఒకే మొక్కవి కాబట్టి, చోటును బట్టి వచ్చిన తేడా చలిదీ ఎండదీ. ఒకే మడిలో పక్కపక్కన ఉన్న వేర్వేరు ఊళ్ల మొక్కల మధ్య తేడా పుట్టుకది. కొండ మీది మొక్క కిందకు తెచ్చినా పొట్టిగానే ఉంది. తీరం మొక్కలు పైన శీతాకాలం తట్టుకోలేక చాలా వరకు చచ్చిపోయాయి.

పోయిన జులైలో ఆ ఎత్తుకు ట్రెక్కింగ్‌కి వెళ్లాం. బండరాళ్ల సందుల్లో యారో నా చెప్పు అంచు కన్నా కొంచెమే పైకి ఉంది, అయినా నిండా పూత. మా ఇంటి ముందున్నది నా నడుము దాకా వస్తుంది. రెండూ ఒకే పేరు మొక్కలని నమ్మడానికి ఆకు తుంచి వాసన చూడాల్సొచ్చింది.

కొండపల్లి పెరడు · మే 20, సాయంత్రం 5:50

అందరికీ ధన్యవాదాలు. కడియం గారూ, మీరు చెప్పినట్టే చేశాను.

మొదటి చెట్టు ఆకు నలిపితే తేలికగా పచ్చిమామిడి వాసన. రెండోదాని ఆకు ఘాటుగా ఉంది, టర్పెంటైన్ లాంటి వాసన, చేతులు కడిగినా పోలేదు.

తర్వాత మొదట్లో మట్టి కొంచెం తీసి చూశాను. మొదటి చెట్టుకు నేల నుంచి ఆరంగుళాల మీద చుట్టూ ఒక మడత ఉంది, దాని కింద బెరడు గరుకు, పైన నున్నన. రెండో చెట్టుకు అలాంటి మడత లేదు. మాను కింద నుంచి పై దాకా ఒకటే బెరడు. కానీ తూర్పు వైపు బొటనవేలంత మొడ్డు ఉంది, నల్లగా ఎండిపోయి, సగం బెరడు కప్పేసింది. దాని మీద పాత ప్లాస్టిక్ పట్టీ ముక్క ఇంకా ఇరుక్కుని ఉంది. ఎనిమిదేళ్లుగా రోజూ నీళ్లు పోస్తున్నాను, ఒక్కసారి కూడా కంటపడలేదు.

అంటుకత్తి (కడియం) · మే 20, సాయంత్రం 6:35

తేలిపోయిందమ్మా. ఆ మొడ్డే మీరు కొన్న బంగినపల్లి.

అంటు కట్టిన పుల్ల నాటిన మొదటి ఏడాదిలోనే ఎండిపోయింది. కట్టు కింద నుంచి కింది మొక్క చిగురేసింది. మీరు ఆ చిగురును బంగినపల్లి అనుకుని పెంచారు. ఇందులో నర్సరీ మోసం లేదు, మట్టి తప్పూ లేదు. కొత్త అంటు పెట్టినవాళ్లు కట్టు కింద వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి. ఈ సంగతి మొక్క అమ్మేటప్పుడు మేమే చెప్పాలి. చాలా చోట్ల చెప్పరు, నాకు దాని మీద బాధ ఉంది.

ఇంకో మాట. కింది మొక్కల కోసం మేం వాడేది దొరికిన నాటు టెంకలు. జ్యూస్ ఫ్యాక్టరీల నుంచి లారీల్లో వస్తాయి. మాస్టారు చెప్పినట్టు ఏ టెంకకు ఆ టెంకే వేరు. అందుకే పై పుల్ల ఒకే చెట్టుదైనా తోటలో ఒకటి గుబురుగా, ఒకటి నిటారుగా, ఒకటి ఏడు విడిచి ఏడు కాస్తూ ఉంటాయి. కింద ఉన్నది ఎవరో ఎవరికీ తెలీదు. రైతు మాత్రం నీళ్లు సరిగ్గా పారలేదని కూలీని తిడతాడు.

బీఎస్సీ సెకండియర్ · మే 20, రాత్రి 10:20

సార్, అన్నా, ఈ థ్రెడ్ మొత్తం చదివాను. జన్యువులు వేరైతే తేడా, నేల వేరైతే తేడా, ఇది అర్థమైంది. మరి మా ఇంటి ముందు చంద్రకాంత మొక్క సంగతేంటి? ఒకే మొక్క, ఒకే మట్టి. పసుపు పూలు, ఎర్ర పూలు, సగం పసుపు సగం ఎరుపు, పసుపు మీద ఎర్ర చుక్కలు, అన్నీ ఒకే సాయంత్రం పూస్తాయి. ఇందులో రెండు కారణాలూ కుదరట్లేదు.

సైన్సు మాస్టారు · మే 21, ఉదయం 6:15

బాబూ, నీ ప్రశ్నకు చాలా సంతోషమేసింది. రేపు సాయంత్రం ఒక చారల పువ్వు కోసి, లెన్స్ ఉంటే దానితో చూడు. చారలు పువ్వు గొట్టం వైపు నుంచి అంచుకు విసనకర్రలా విచ్చుకుంటాయి. ఒక్కో చార ఒక్క కణం సంతానం.

ఆ ఎరుపు బీట్‌రూట్ ఎరుపు లాంటిదే. దాన్ని తయారుచేసే జన్యువులో ఒక డీఎన్ఏ ముక్క దూరి కూర్చుంటే ఎరుపు ఆగిపోతుంది, పసుపు మిగులుతుంది. మొగ్గ పెరుగుతుండగా ఏదో ఒక కణంలో ఆ ముక్క లేచి వేరే చోటికి పోతే, జన్యువు మళ్లీ పనిచేస్తుంది. ఆ కణం పిల్లలన్నీ ఎరుపే. మొగ్గ చిన్నగా ఉన్నప్పుడే లేచిపోతే సగం పువ్వు ఎర్రనవుతుంది, చివర్లో లేస్తే ఒక చుక్క. చార వెడల్పు చూసి అది ఎప్పుడు జరిగిందో చెప్పొచ్చు. ఇలా గెంతే జన్యువులను బార్బరా మక్లింటాక్ మొక్కజొన్న గింజల మచ్చల్లో పట్టుకుంది. 1940ల్లో చేసిన పనికి 1983లో నోబెల్ వచ్చింది.

చంద్రకాంతలో ఇంకో వింత ఉంది. కొన్ని మొక్కలకు ఆకులు తెల్ల మచ్చలుగా ఉంటాయి. 1909లో కోరెన్స్ గమనించాడు: తెల్ల కొమ్మ పువ్వుకు ఏ పుప్పొడి వేసినా తెల్ల మొలకలే వస్తాయి, పచ్చ కొమ్మ పువ్వుకు పచ్చవే. ఆకుపచ్చదనం తయారయ్యే సంచుల్లో సొంత జన్యువులుంటాయి, అవి తల్లి వైపు నుంచే వస్తాయి. తండ్రికి అందులో వాటా లేదు.

ఊటీలో ఉద్యోగం · మే 21, ఉదయం 9:30

పూల రంగు మాటొచ్చింది కాబట్టి: ఇక్కడ హైడ్రేంజియా పుల్లటి నేలలో నీలంగా పూస్తుంది, సున్నం కలిపితే గులాబీ రంగుకొస్తుంది. పుల్లటి నేలలో అల్యూమినియం కరిగి వేళ్లకు అందుతుంది, దాని వల్లే నీలం. తెల్ల రకాలు మాత్రం ఏం చేసినా తెల్లగానే ఉంటాయి.

సిద్దిపేట మిద్దెతోట · మే 21, ఉదయం 11:45

నా పొటాష్ సలహా వెనక్కి తీసుకుంటున్నాను 🙏 ఒకటి చెప్పండి మాస్టారూ. లెక్కగా చూస్తే మామిడికాయ గుణంలో ఎంత శాతం జన్యువు, ఎంత శాతం నేల?

సైన్సు మాస్టారు · మే 21, మధ్యాహ్నం 2:00

డప్పు మోతలో కర్ర వాటా ఎంత, తోలు వాటా ఎంత అంటే ఏం చెబుతాం? ఏది లేకున్నా మోత లేదు. కానీ ఒకే కర్రతో రెండు డప్పులు కొట్టి, మోతలో తేడా ఎందుకని అడిగితే జవాబుంది: తోలు. ఒకే డప్పును రెండు కర్రలతో కొడితే తేడా కర్రది. శాతాలు ఒక చెట్టుకు కట్టలేం. ఫలానా తోటలో, ఫలానా చెట్ల మధ్య కనిపించే తేడాకే కట్టగలం. తోట మారితే ఆ శాతమూ మారుతుంది. పేపర్లో ఫలానా గుణం ఇంత శాతం వంశపారంపర్యం అని చదివినప్పుడు నేను మొదట అడిగేది, ఏ పొలంలో అని.

స్వర్ణ రైతు (పశ్చిమ గోదావరి) · మే 21, సాయంత్రం 7:10

మా వైపు స్వర్ణ వరి అందరికీ తెలుసు, 1982లో మా మారుటేరు వరి పరిశోధన కేంద్రం నుంచే వచ్చింది. నీట మునిగితే వారం తిరిగేసరికి కుళ్లిపోయేది. ఒడిశాలో ఎఫ్‌ఆర్ 13ఏ అని నాటు రకం మునిగినా బతికేది. దానిలోని సబ్‌1 అనే జన్యుభాగాన్ని స్వర్ణలోకి దించారు. 2009 నుంచి స్వర్ణ సబ్‌1 వచ్చింది, రెండు వారాల దాకా మునక తట్టుకుంటుంది. నీళ్లలో ఎదుగుదల ఆపేసి, ఉన్న శక్తి దాచుకుంటుందట. గింజ అదే స్వర్ణ, అన్నం అదే.

నల్లరేగడి (ఆళ్లగడ్డ) · మే 21, రాత్రి 8:40

మాస్టారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటాను. ఒకటి మాత్రం అడుగుతా. మొక్కల్లో ఇన్ని తేడాలు ఎందుకు మిగిలి ఉంటాయి? ఘాటైన మిరపే మంచిదైతే చప్ప మిరప ఎప్పుడో పోవాలి కదా?

బే ఏరియా తోటమాలి · మే 21, రాత్రి 11:30

అన్నా, సరిగ్గా ఈ ప్రశ్న మీదే టూక్స్‌బరీ అనే ఆయన బృందం బొలీవియాలో అడవి మిరప చూసింది. అక్కడ ఒకే జాతిలో ఘాటు మొక్కలూ చప్ప మొక్కలూ పక్కపక్కనే పెరుగుతాయి. కాయలకు పురుగు రంధ్రం పెడితే ఆ దారిన బూజు దూరి గింజల్ని పాడుచేస్తుంది. ఘాటు ఆ బూజును అడ్డుకుంటుంది. తేమ ఎక్కువున్న వైపు బూజు ఎక్కువ, అక్కడ దాదాపు అన్నీ ఘాటు మొక్కలే. పొడి నేలల వైపు చప్పవే ఎక్కువ. ఎందుకంటే నీళ్లు చాలనప్పుడు ఘాటు మొక్కకు గింజలు తగ్గిపోతాయి, చప్పదానికి అంత తగ్గవు. ఒక చోట కాపాడే గుణం ఇంకో చోట భారం. అందుకే రెండూ మిగిలాయి.

బీఎస్సీ సెకండియర్ · మే 22, ఉదయం 8:00

మాస్టారూ, జన్యువు అక్షరం మారకుండా కూడా గుణం మారుతుందని క్లాసులో చెప్పారు. నిజంగా మొక్కల్లో ఉందా?

సైన్సు మాస్టారు · మే 22, ఉదయం 8:50

ఉంది. లైనేరియా అని ఐరోపా పూల మొక్క. మామూలు పువ్వు ఒక వైపుకే తెరుచుకుంటుంది. 1744లో లిన్నేయస్ వర్ణించిన వింత రూపంలో పువ్వు నక్షత్రంలా అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. 1999లో తేలిందేమిటంటే, పువ్వు ఆకారాన్ని నడిపే జన్యువు అక్షరాలు రెండింటిలోనూ ఒకటే. వింత రూపంలో దాని మీద మిథైల్ అనే రసాయన గుర్తులు దట్టంగా పడి జన్యువు మూగబోయింది. ఆ గుర్తులు గింజల ద్వారా కూడా దిగుతున్నాయి. అప్పుడప్పుడు ఒక కొమ్మలో చెరిగిపోయి మామూలు పువ్వు వస్తుంది.

కొండపల్లి పెరడు · మే 22, సాయంత్రం 6:20

ఇంత నేర్చుకుంటాననుకోలేదు. మా వారికీ చదివి వినిపించాను. రెండో చెట్టు కొట్టడం లేదు. కడియం గారూ, దాన్ని బంగినపల్లి చేసే దారి ఉందా? అమ్మ చెట్టుకు మాత్రం వయసైపోతే మళ్లీ రాదనే దిగులు పట్టుకుంది.

అంటుకత్తి (కడియం) · మే 22, రాత్రి 8:05

రెండింటికీ దారి ఉందమ్మా. కాయ కోత అయ్యాక రెండో చెట్టు పెద్ద కొమ్మలు భుజం ఎత్తులో కోసేయండి. ఒక కొమ్మ మాత్రం ఆకులతో ఉంచండి, చెట్టు ఊపిరికి. కోసిన చోట వెంటనే బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి, లేకపోతే అక్కడ తెగులు పడుతుంది. కొత్త చిగుళ్లలో బలమైనవి మూడు నాలుగు ఉంచి మిగతావి తీసేయండి. పెన్సిల్ మందం అయ్యాక మొదటి చెట్టు పుల్లలు తెచ్చి కట్టాలి.

అమ్మ చెట్టు పుల్లలు కూడా అందులోనే ఒక కొమ్మకు కట్టించండి. ఇంకో రెండు కుండీ మొక్కలకూ కట్టించండి. టెంకలు పాతితే ఆ రుచి రాదు, పుల్ల కడితేనే వస్తుంది.

సైన్సు మాస్టారు · మే 22, రాత్రి 8:30

ఒకే మాను మీద, ఒకే వేళ్ల మీద రెండు రకాల కొమ్మలు! క్లాసెన్ మడి మీ పెరట్లోనే వెలుస్తుంది. కాసినప్పుడు రెండు కాయలూ పక్కపక్కన పెట్టి ఫోటో తప్పకుండా పెట్టండి.

కొండపల్లి పెరడు · సెప్టెంబరు 14, ఉదయం 7:15

పాత థ్రెడ్ పైకి తెస్తున్నాను. ఆగస్టులో పక్క ఊరి నుంచి అంటు కట్టే ఆయన్ని పిలిపించాం. పెద్ద చెట్టు మీద బంగినపల్లి పుల్లలు నాలుగు కడితే మూడు పట్టాయి. అమ్మ చెట్టు పుల్ల ఒకటి అదే మాను మీద పట్టింది. కుండీల్లో కట్టినవి రెండూ చిగురేశాయి, రాగి రంగు ఆకులు, ఇంకా వేలాడుతూ మెత్తగా ఉన్నాయి. నలపకుండా ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. అమ్మ చెట్టు వాసనే. ఒక కుండీ దసరాకు వచ్చినప్పుడు తమ్ముడు తీసుకెళ్తానన్నాడు. కట్టు కింద వచ్చే చిగురు గిల్లేయాలని వాడికి ఇప్పటికి మూడుసార్లు చెప్పాను.